శుక్రవారం మాత్ర

నా ఎముకల మీద మొట్టమొదట హాస్యమాడినవాడు అరకు సంతలో గాజులు అమ్ముకునే మనిషి. ఎన్నో ఏళ్లయింది. అతను మరిచిపోయి ఉంటాడు. నేను మరవలేదు.

"నా గాజులే నయం. కిందపడితే గల్లుమంటాయి. మిషనక్క ఎముకలైతే సప్పుడు కూడా లేకుండా ఇరిగిపోతాయంట" అన్నాడు. అన్నది నాతో కాదు. జాకెట్టు గుడ్డలు పట్టుకుని నా ముందు నిలబడ్డ ఆడవాళ్లతో. వాళ్లు నవ్వారు. బేరం పోతుందని నేనూ నవ్వాల్సి వచ్చింది. అలా నవ్వించినందుకు కూడా నాకు అతని మీదే కోపం.

మాది అరకుకి కాస్త దూరంలో, రైలు కట్ట పక్కనున్న ఊరు. మా ఆయన రైల్వే గ్యాంగులో పని చేసేవారు. మేము మైదానం నుంచి వచ్చినవాళ్లం. తొంభైల్లో నేను ఒక కుట్టుమిషను సంపాదించి, ప్రతి శుక్రవారం అరకు సంతలో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. మిగతా రోజుల్లో మిషను సంత పక్కనున్న టీ కొట్లో ఉండేది. కొండల మీది నుంచి దిగిన ఆడవాళ్లు పొద్దున్నే గుడ్డా, దాంతోపాటు కొలతకి పాత జాకెట్టు ఒకటీ ఇచ్చేవారు. దాన్ని ఆది జాకెట్టు అంటాం. వాళ్లు అల్లం, పసుపు, చీపుర్లు అమ్ముకుని, ఉప్పూ ఎండుచేపా కొనుక్కుని తిరిగొచ్చేసరికి కొత్త జాకెట్టు తయారుగా ఉండాలి. లేకపోతే మళ్లీ సంత దాకా వాళ్లు కొండ దిగరు. నా పేరు వాళ్లకి తెలియదు. అందరికీ నేను మిషనమ్మని.

సంతలో చోటుకి కాగితం ఉండదు. కూర్చున్నదే హక్కు. వరసగా మూడు సంతలు చోటు ఖాళీగా ఉందంటే, ఆ తర్వాత ఎవరు కూర్చుంటే వాళ్లది. నా చోటు మంచి చోటు. జీపులు ఆగే చోటికీ బట్టల వరసకీ మధ్యన, ఒక సిల్వర్ ఓక్ చెట్టు కింద. నా పక్కనే గాజుల మనిషి ప్లాస్టిక్ పట్టా పరిచేవాడు. ఆ చోటు మీద అతనికి కన్నుందని నాకు ఎప్పటి నుంచో తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక వానాకాలం సంతనాడు జీపు దిగుతూ జారి ఎడమ చెయ్యి కింద పెట్టాను. అంతే, మణికట్టు విరిగింది. పెద్దగా పడింది కూడా లేదు. పసిపిల్ల పడినట్టు పడ్డాను. విశాఖపట్నంలో ఎముకల డాక్టరు సిమెంటు కట్టు వేసి, ఏదో పరీక్ష చేయించి, "మీ ఎముకలు గుల్లబారాయమ్మా" అన్నారు. నాకప్పుడు యాభై కూడా నిండలేదు. గర్భసంచి ఎప్పుడు తీశారని అడిగారు. ముప్పై ఐదు దాటకుండానే తీసేశారని చెప్పాను. అండాశయాలు కూడా తీసేశారా అని అడిగారు. నాకేం తెలుసు? ఏం తీశారో, ఏం ఉంచారో, తీస్తే ఎముకలకి ఏమవుతుందో ఆనాడు నాకు చెప్పిన పాపాన పోయినవాళ్లు లేరు. ఆ కోపం కూడా నా దగ్గర భద్రంగా ఉంది.

కట్టు ఉన్నన్నాళ్లూ ఒక్క సంత మానలేదు. కుట్టలేకపోయినా వెళ్లి ఆ చెట్టు కింద కూర్చునేదాన్ని. కట్టు విప్పాక వారానికి ఒకే ఒక్క మాత్ర రాశారు డాక్టరు. ఖాళీ కడుపున, గ్లాసెడు మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట దాకా పడుకోకూడదు, ఇంకేమీ తినకూడదు. ఎప్పుడూ వారంలో ఒకే రోజు వేసుకోవాలి. నా వెనకాల ఇంకా చాలామంది రోగులున్నారు. ఆ మాటలు కూడా పరిగెత్తించే చెప్పారు.

మా వైపు వారానికోసారి చేసే పని ఏదైనా సంతనాడే. తలంటు సంతనాడే, అప్పు అడగడం సంతనాడే, పెళ్లిచూపులు సంతనాడే. వారం ఎప్పుడు తిరిగిందో సంతే చెబుతుంది. కాబట్టి మాత్ర కూడా శుక్రవారం వేసుకున్నాను. ఇందులో ఆలోచించడానికేముంది?

మొదటి మాత్ర వేసుకున్న సాయంత్రానికి ఒళ్లంతా కొట్టినట్టయింది. తొడ ఎముకల లోపల ఎవరో కూర్చుని మెలిపెడుతున్నట్టు నొప్పి. రెండు రోజులు జ్వరం రాని జ్వరం. సర్దుకుంటుందిలే అనుకున్నాను. నాలుగైదు సంతలు గడిచేసరికి గుండెల మధ్య మంట మొదలైంది. మిషను మీద వంగితే చాలు, నిప్పుకణిక మింగినట్టు గొంతులోకి ఎగదన్నేది. ఉమ్మి మింగినా నొప్పే. ఒక సంతనాడు ఆ మంటలో ఒక జాకెట్టుకి ఎడమ చెయ్యి కుడికీ, కుడి చెయ్యి ఎడమకీ వేసి కుట్టేశాను. కుట్లు విప్పి మళ్లీ కుడుతుంటే గాజుల మనిషి చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, పోనీ నా బావమరిదిని రమ్మంటావేటి? ఆడికీ మిషనుంది. నీకు ఆసరాగా ఉంటాడు" అన్నాడు.

"నాకు ఆసరా నా మిషనే" అన్నాను.

"కోపమెందుకక్కా. మంచికే సెప్పినాను."

మంచికే చెప్పేవాళ్లు ఇంట్లోనూ ఉన్నారు. మా ఆయన అక్కగారు, అంటే మా వదిన, పక్కింట్లోనే ఉండేది. నా మంటకి కారణం ఆవిడ మొదటి రోజే తేల్చేసింది.

"నీకు పులుపెక్కువే మరదలా. సింతపండు తగ్గించీ."

"నేను పుట్టినప్పటి నుంచీ తింటున్నాను వదినా. మంట ఇప్పుడొచ్చింది."

"మరి వయసొచ్చింది కాదేటి. ఆ మాత్ర మానీ. మా అమ్మ ఏ మాత్ర మింగింది? తొంభై ఏళ్లు బతికింది."

వాళ్లమ్మ చివరి పదేళ్లూ నడుం విల్లులా వంగిపోయి నేల చూస్తూ నడిచింది. ఆవిడ మొహం చూడాలంటే మేము కింద కూర్చోవాల్సి వచ్చేది. ఆ మాట అనలేదు. అని ఉండాల్సింది.

మా ఆయనది ఇంకో దారి. "మాత్ర ఉండనీ. సంత మానెయ్. నా జీతం సరిపోతంది గదా" అన్నారు. ఊళ్లో సూదులు వేసే డాక్టరు గ్యాసన్నాడు, తెల్ల మందు సీసా ఇచ్చాడు. ఒకరు మాత్ర మానమన్నారు, ఒకరు సంత మానమన్నారు. రెండూ ఉంచుకోవే అన్నవాళ్లు ఒక్కరూ లేరు. మాత్ర మానితే రేపు మళ్లీ ఏ జీపు దగ్గరో ఏ ఎముకో విరుగుతుంది. సంత మానితే చెట్టు కింద గాజుల మనిషి బావమరిది కూర్చుంటాడు. అసలు ఆ మాత్రని నేను ఎలా వేసుకుంటున్నానని వీళ్లలో ఒక్కరైనా అడిగారా? అడగలేదు.

చలికాలం చివర్లో, గుక్కెడు గంజి దిగడం కూడా కష్టమయ్యాక, తెల్లారే బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాను. వైద్యానికి కాదు, పోట్లాటకి. ఘాట్ రోడ్డు మలుపు మలుపుకీ ఆ డాక్టరుని ఏమేం అడగాలో పేర్చుకుంటూ వెళ్లాను. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నేను అరవడం మొదలుపెట్టాను. ఆయన అడ్డు రాలేదు. అంతా విని ఒక్క ప్రశ్న వేశారు.

"మాత్ర వేసుకునే రోజు పొద్దున్నుంచి మీరేం చేస్తారో వరసగా చెప్పండి."

అడిగారు కాబట్టి మొత్తం చెప్పాను. చీకటితో లేస్తాను. మంచుకి కుండలో నీళ్లు పళ్లు జివ్వుమనేలా ఉంటాయి కాబట్టి ఒక్క గుక్కతో మాత్ర మింగుతాను. వెంటనే పరిగెత్తి జీపెక్కుతాను. సంత జీపంటే ఆయనకి తెలియదు కాబట్టి అది కూడా చెప్పాను. వెనకాల పదిహేను మంది, కాళ్ల దగ్గర మేక, ఒళ్లో పనసకాయ, నెత్తి మీద రేకు. తల ఎత్తడానికి ఉండదు. గెడ్డం మోకాలికి ఆనించుకుని కూర్చోవాలి. దారి పొడుగునా గోతులే. మధ్యలో ఎవరో ఒకరు సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి, అంటే రాగి జావ, పోసి ఇస్తారు. కొండవాళ్లు ఇచ్చిన అంబలి వద్దనకూడదు, తాగుతాను. దిగగానే మిషను ముందు వంగుతాను.

డాక్టరు కలం కింద పెట్టి నవ్వారు. "ఈ మాత్ర గొంతుని కాల్చడానికి ఎన్ని దారులున్నాయో, పని చెయ్యకుండా పోవడానికి ఎన్ని దారులున్నాయో, అన్నీ ఒక్క పొద్దుటే పట్టుకున్నారమ్మా" అన్నారు.

ఆ నవ్వు కూడా నేను మరవలేదు. కానీ ఆయన నవ్వి ఊరుకోలేదు. బొమ్మ గీసి చూపించారు. ఒక్క గుక్క నీళ్లతో మాత్ర కడుపులోకి దిగదు, అన్నవాహికకి అంటుకుంటుంది. వంగి కూర్చుని కుదుపులు తింటే కడుపులోంచి మళ్లీ పైకొస్తుంది. అది తాకిన చోటల్లా పుండు పడుతుంది. ఇక అంబలి సంగతి. ఏమీ తినకూడదని చెప్పాను కదా అన్నారు.

"అంబలి తిండేంటి బాబూ? మా వైపు నీళ్లడిగితే అంబలే ఇస్తారు" అన్నాను.

"చోళ్లలో కాల్షియం ఎక్కువమ్మా. అది మాత్రని పట్టుకుని ఎముకల దాకా పోనివ్వదు."

"కాల్షియం ఎముకలకి మంచిదని చెప్పింది మీరే."

"మంచిదే. మాత్ర వేసుకున్న అరగంట తర్వాత తాగండి. ముందు మాత్రం వద్దు."

"ఈ మాట ఆరోజే ఎందుకు చెప్పలేదు? పడుకోకూడదన్నారు. నేను పడుకోలేదు. జీపులో ఎవరు పడుకోగలరు?"

"నిజమే. వంగకూడదని కూడా చెప్పాల్సింది" అన్నారు.

నా జీవితంలో ఒక డాక్టరు ఆ మాట అనడం అదే మొదటిసారి. పోట్లాట కట్టిపెట్టి కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ఆయన పుండు మానడానికి మందు రాసి, అప్పటిదాకా మాత్ర ఆపమన్నారు. మానాక మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ మంట వస్తే మాత్రం ఇంక ఒక్కటి కూడా వేసుకోకుండా తన దగ్గరికి రమ్మన్నారు. అప్పుడు వేరే దారి చూద్దామన్నారు. మానేదాకా జీపూ మిషనూ వద్దన్నారు.

"వారంలో మీకు పనేమీ లేని రోజు ఏది?" అని అడిగారు లేవబోతుంటే.

శనివారం. సంత మర్నాడు మా వైపు పొయ్యి కూడా ఆలస్యంగానే వెలుగుతుంది. ఇంత చిన్న సంగతి ఇంతకాలం ఎవరికీ తట్టలేదే అని తిరుగు బస్సులో నాకు నేనే పెద్దగా నవ్వుకున్నాను. పక్కన కూర్చున్నావిడ కొంచెం జరిగి కూర్చుంది. జరగనీ. ఆ ఘాట్ రోడ్డు నాకు అంత అందంగా ఎప్పుడూ కనిపించలేదు.

సంతకి వెళ్లకుండా రెండు శుక్రవారాలు గడిపాను. పట్టాల మీద కూర్చుని రైలు కోసం చూసినట్టుంది ఆ కాలం. మొదటి శుక్రవారం సాయంత్రం మా వదిన సంత నుంచి వచ్చి, ఎండుచేపలు దించకుండానే కబురు దించింది.

"నీ సెట్టు కింద ఎవులో గుంటడు మిషనెట్టినాడే."

"ఎవరు?"

"గాజులోడి బావమరిదంట. బేగి పోయి సూసుకో. లేపోతే పోయినట్టే."

మూడో సంత చైత్రం పండగ ముందు సంత. ఏడాదికంతటికీ పెద్దది. కొండల్లో ఊరూరా పండగకి ఆడవాళ్లు కొత్త జాకెట్లు వేసుకుని వరసగా నడుములు పట్టుకుని థింసా ఆడతారు. ఆ సంతకి నేను లేకపోతే నా చోటుతో పాటు నా పేరు కూడా పోతుంది. ఇక్కడే చిక్కు. పుండు మానింది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మాత్ర మళ్లీ మొదలుపెట్టాల్సింది సరిగ్గా ఆ సంతకి ముందు శనివారమే. మళ్లీ మంట పుట్టిందా, శుక్రవారానికి నేను మిషను మీద వంగలేను.

"ఈ ఒక్క వారం ఆగరాదా? పండగయ్యాక ఏసుకో" అన్నారు మా ఆయన. మాట సబబైనదే. కానీ అలా వెనక్కి తోసుకుంటూ పోతే, మాత్రంటే భయం నాకు అలవాటవుతుంది. భయపడుతూ మిషను ముందు కూర్చుంటే మళ్లీ చేతులు తారుమారుగా కుడతాను. ఆగనన్నాను.

శనివారం తెల్లారింది. నీళ్లు కాచి చల్లార్చి పెద్ద గ్లాసు నిండా పోసుకున్నాను. మాత్ర వేసుకుని, నీళ్లన్నీ తాగి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. మంచు ఇంకా కాఫీ మొక్కల మీదే ఉంది. గుండె దడదడమంటోంది. అది మంటో ఆత్రమో తెలియడం లేదు. గడియారం వంక చూస్తూ అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. మా వదిన చీపురు పట్టుకుని బయటికొచ్చి, నన్ను చూసి ఆగిపోయింది.

"ఏటే మరదలా, మేస్టారు బెంచీ ఎక్కించినారేటి?"

"మాట్లాడించకు వదినా. వంగకూడదు."

"మాటకీ వంగడానికీ ఏటి సమ్మందమే? నోరు కూడా గుల్లబారిందేటి?"

నవ్వు ఆపుకోవడానికి నిటారుగా ఆకాశం వంక చూశాను. కట్ట మీద ఇనుపరాయి మోసుకుపోయే గూడ్సు బండి వచ్చింది. చివరి పెట్టె కూడా దాటిపోయేదాకా నిలబడ్డాను. అరగంట దాటింది. మంట లేదు. అంబలి తాగాను. మంట లేదు. మధ్యాహ్నం లేదు, సాయంత్రం లేదు. రాత్రికి తొడల నొప్పి మాత్రం తన టైముకి వచ్చింది. రానీ అనుకున్నాను. శనివారం నొప్పి ఆదివారానికి తగ్గుతుంది, శుక్రవారానికి దానికీ నాకూ సంబంధం లేదు. మంచం మీద పడుకుని, మూలుగుతూ, పండగ ముందు సంతకి ఏయే రంగు దారాలు పట్టుకెళ్లాలో మా ఆయనకి చెబుతూనే ఉన్నాను. ఆయన ఎప్పుడు నిద్రపోయారో తెలియదు.

శుక్రవారం డ్రైవరు మొహం కడుక్కోకముందే వెళ్లి జీపు ముందు సీట్లో కూర్చున్నాను. మాత్ర రోజు కాదు, అయినా మానిన గొంతుని మళ్లీ మోకాలికి ఆనించే ఉద్దేశం నాకు లేదు.

"అమ్మా, ముందు సీటు బడి మేస్టారిది" అన్నాడు డ్రైవరు.

"మేస్టారికి ఎముకలు గట్టివి. వెనక్కి ఎక్కించు."

"ఆయన తిడతారమ్మా."

"నా పేరు చెప్పు. నన్ను తిడతాడు."

అద్దంలోంచి దారంతా చూస్తూ వెళ్లడం అదే మొదటిసారి. అన్నేళ్లూ నేను ఆ దారిని జీపు నేల మీది రంధ్రంలోంచే చూశాను.

సంతలో దిగేసరికి చెట్టు కింద వేరే మిషనుంది. దాని వెనకాల నూనూగు మీసాల కుర్రాడొకడు. గాజుల మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా, వచ్చీసినావా? ఒంట్లో బాగోలేదన్నారని..."

"మూడో సంత ఈరోజే. ఇంకా అవలేదు."

"అదికాదక్కా. పండగ బేరం. ఆడు కూడా బతకాల గదా. పక్కనెక్కడైనా..."

"పక్కనే కూర్చోమను. నీ పట్టా జరుపు."

మా చుట్టూ మనుషులు చేరారు. నా గుండె మళ్లీ దడదడలాడింది. మంట కాదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలావిడ దారి చేసుకుంటూ వచ్చింది. పై కొండల్లోంచి దిగే మనిషి, నా దగ్గర ఎన్నో ఏళ్లుగా కుట్టించుకుంటోంది. ఆవిడ చంకలో గుడ్డల మూట, వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్లు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో మూట.

"మిషనమ్మా, ఎక్కడికెల్లిపోనావు? రెండు సంతల్నించి మోసుకు తిరగతన్నాం" అంది.

"ఈ అబ్బాయి ఉన్నాడు కదా. ఇవ్వలేకపోయారా?" అన్నాను. ఆ మాట గాజుల మనిషికి వినపడాలనే అన్నాను.

ఆవిడ ఆ కుర్రాణ్ణి పైనుంచి కిందికి చూసింది. "మగోడి సేతికి ఆది జాకెట్టు ఎలాగిత్తామమ్మా? ఒంటి మీద తిరిగిన గుడ్డ" అంది.

ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకున్నారు. కుర్రాడు తలొంచుకుని కత్తెర సర్దుకోవడం మొదలుపెట్టాడు. రెండు సంతల్లో అతను కుట్టినవి పిల్లల నిక్కర్లూ సంచులూ మాత్రమేనని తర్వాత టీ కొట్టులో విన్నాను. గాజుల మనిషి వంగి తన పట్టా తనే జరుపుకున్నాడు. బావమరిది మిషను దానికి అవతలకి పోయింది.

నా మిషను టీ కొట్టులోంచి మోసుకొచ్చి పెట్టారు. దారం ఎక్కించి, పెడలు మీద కాలు పెట్టి, ఒక్కసారి కావాలనే పూర్తిగా వంగాను. గొంతులోకి ఏదీ ఎగదన్నలేదు. మూటలు విప్పుతుంటే ఎరుపులు, ఆకుపచ్చలు, పసుపులు ఒళ్లోకి జారాయి. ఆ పొద్దు నేను కుట్టినంత వేగంగా ముందూ కుట్టలేదు, తర్వాతా కుట్టలేదు. టీ తెచ్చి పెడితే చల్లారిపోయింది. చివరి జాకెట్టుకి హుక్కులు కుట్టేసరికి జీపులు హారన్లు కొడుతున్నాయి. ముసలావిడ జాకెట్టు పైకెత్తి చూసుకుని, సొరకాయ బుర్రలోంచి మిగిలిన అంబలి నాకు పోసింది. ఆకు దొన్నె ఖాళీ అయ్యేదాకా తాగాను.

సామాను సర్దుతుంటే గాజుల మనిషి దగ్గరికొచ్చాడు. చేతిలో నీలం రంగు గుడ్డ, దాని మీద మడతపెట్టిన పాత జాకెట్టు.

"అక్కా, మా ఇంటిది. పండక్కి... ఒక్కటే."

మా జీపు కదలడానికి ఇంకా టైముంది. మా వదిన చేత చేటలు పెట్టించి ముందు సీటు ఆపించాను కూడా. కుట్టాలనుకుంటే కుట్టవచ్చు.

"సప్పుడు లేకుండా ఇరిగిపోయే ఎముకలున్నదాన్ని కదా తమ్ముడూ. వచ్చే సంతకి తీసుకురా" అన్నాను.

అతను తెచ్చాడు. కుట్టాను. బాగానే కుట్టాను.

మర్నాడు శనివారం. గ్లాసు పట్టుకుని మంచులో నిలబడ్డాను. తొడల నొప్పి సాయంత్రానికి వస్తుందని తెలుసు. వస్తుంది, రెండు రోజులుండి పోతుంది. డాక్టరు ఇంక చాలన్న దాకా కొన్నేళ్లపాటు అలాగే వచ్చింది, అలాగే పోయింది. మా వదిన ఆ పొద్దున కూడా చీపురు పట్టుకుని బయటికొచ్చింది. ఏదో అనబోయి, నా మొహం చూసి, లోపలికెళ్లి తన గ్లాసుతో టీ తెచ్చుకుని, గూడ్సు బండి వెళ్లిపోయేదాకా నా పక్కన నిలబడి తాగింది. నాకు మాత్రం ఇవ్వలేదు. ఇవ్వకూడదని ఆవిడకి ఇప్పుడు తెలుసు.